హార్డ్ డిస్కుకీ గెజిటెడ్ సంతకం ఉంటే!

పదో తరగతి మార్కుల మెమో విషయంలో తెలుగువాడంత జాగ్రత్తపరుడు లేడు. ఒరిజినల్ లామినేషన్ చేయించి బీరువాలో పట్టుచీరల కింద పెడతాడు. జిరాక్సులు మూడు సెట్లు. ఒకదాని మీద గెజిటెడ్ సంతకం. ఇంకోటి ఊళ్లో నాన్నగారి ట్రంకు పెట్టెలో, ఎందుకైనా మంచిదని. కంప్యూటరు పండితులు 3-2-1 సూత్రం అని క్లాసులు పీకేది ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. మనకిది పుట్టుకతో వచ్చిన విద్య. అయితే కాగితం వరకే.

మా కాలనీలో ఒకాయన కూతురి పెళ్లి ఘనంగా చేశాడు. డ్రోన్లు, క్రేను, ఎల్‌ఈడీ తెరలు. అంతా అయ్యాక ఫొటోగ్రాఫర్ వచ్చి, "సార్, వన్ టీబీ హార్డ్ డిస్కు ఒకటి తెచ్చివ్వండి, ఫొటోలు, వీడియోలు మొత్తం వేసిస్తా" అన్నాడు. నాలుగైదు వేలు అవుతుందనగానే ఆయన మొహం మాడిపోయింది. "అదీ మేమే తేవాలా? ప్యాకేజీలో రాదా?" మండపం ముందు పూల ఆర్చికి అంతకి పదింతలు పోసిన మనిషి. ఆ ఆర్చి సాయంత్రానికే వాడిపోయింది.

ఎట్టకేలకు కొన్నాడు. కంప్యూటరుకు పెడితే 931 జీబీయే చూపించింది. మిగతా 69 ఏవని షాపుకెళ్లి నిలదీశాడు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుందని కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. ఇది తూకంలో మోసమేనని ఆయన తేల్చేశాడు.

పెళ్లి డేటా ఎక్కాక కూడా బోలెడు చోటు మిగిలింది. మిగిలితే ఊరుకుంటామా? అల్లుడు తన లాప్‌టాప్‌లోని ఫొటోలు, సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ కట్ చేసి అందులో పేస్ట్ చేశాడు. లాప్‌టాప్ ఖాళీ అయింది, బ్యాకప్ అయిపోయిందని అందరూ కాఫీ తాగారు. నిన్నటిదాకా ఒక్క ప్రతి అక్కడుండేది, ఇప్పుడా ఒక్కటే ఇక్కడుంది. దసరాకి ఆయుధపూజలో డిస్కుకీ బొట్టు పెట్టారు. అక్కడితో భారం అమ్మవారిది.

అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది? ఆ డబ్బాలో పళ్లేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, చదివే ముల్లు వాటికి వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంటుంది. టీవీకి తగిలించి పెళ్లి వీడియో చూస్తుండగా మనవడు కేబుల్ లాగాడు. డిస్కు తిరుగుతూనే నేల మీద పడింది. ఆ తర్వాత టిక్కు టిక్కుమనడమే దాని పని. రికవరీవాళ్లు చెప్పిన రేటు సరిగ్గా పూల ఆర్చి అంత. ఫొటోగ్రాఫర్ని అడిగితే, "కొత్త ముహూర్తాలొచ్చాయి కద సార్, డిలీట్ చేసేశాం" అన్నాడు.

సర్కారు వారి సంగతీ అంతంతే. 2017 మేలో వానాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకీ సోకింది. ఫైళ్లకి తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. దొంగే స్టేషనుకొచ్చి మామూళ్లడగడం చరిత్రలో అరుదు. ఇలాంటి వైరస్ కంప్యూటరుకు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కునీ వదలదు. అందుకే కాపీ అవగానే పీకి బీరువాలో పడేయమంటారు. పట్టుచీరల కింద చోటు ఎలాగూ ఉంది.

దక్షిణ కొరియావారు మనల్ని మించిపోయారు. 2025 సెప్టెంబరులో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. మొత్తం 858 టెరాబైట్లు. బ్యాకప్ ఏదయ్యా అంటే, అంత పెద్దదానికి బ్యాకప్ పెట్టడం కుదరలేదన్నారు.

ఈ వార్త చదివాక మా కాలనీ ఆయన ప్రాణం కుదుటపడింది. కాగితం తీసుకుని లెక్క కట్టాడు: 858 డిస్కులు, ఒక్కోటి నాలుగున్నర వేలు, మొత్తం ముప్పై ఎనిమిది లక్షల చిల్లర. "ఆ దేశంలో బేరమాడేవాడు లేడండీ. అన్ని ఒక్కసారే తీసుకుంటే మన షాపువాడు ముప్పైకే ఇచ్చేవాడు, పౌచులు ఫ్రీ" అన్నాడు.