పళ్లు కొరికే గుర్రం: యజమాని హాయికి తిరుగులేని చిట్కాలు

పెళ్లి గుర్రం తిప్పేవాడికి సీజనులో నిద్ర దొరకడమే గగనం. బారాత్ ముగించుకుని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి, కాస్త నడుం వాల్చేసరికి సాలలోంచి కరకరమని పళ్లు కొరికే చప్పుడు వస్తుంది. ఇలాంటప్పుడే అమాయకులు కంగారుపడి పశువైద్యుడికి ఫోన్ చేసి డబ్బు వదిలించుకుంటారు. మీకా గతి పట్టకూడదన్నదే నా తపన. ఈ చిట్కాలకు ఓపిక అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. నోట్లో నాలుగు మాటలు సిద్ధంగా ఉంటే చాలు.

1. ముందు ఒక పేరు పెట్టేయండి.

కారణం వెతికితే పని పెరుగుతుంది, పేరు పెడితే పని తీరుతుంది. వైద్యుణ్ని అడిగితే గుర్రం పళ్లు కొరికేది ఎక్కువగా నొప్పి వల్లేనంటాడు. కడుపులో పుండు, మొనదేరిన దంతం, దవడ కీలు, వెన్ను, నప్పని కళ్లెం, బెదురు అని పెద్ద చిట్టా విప్పుతాడు. అదంతా ఎవరు గుర్తుపెట్టుకుంటారు? "పొగరు" అనండి, అయిపోయింది. మార్వాడీ గుర్రమైతే "ఆ రక్తమే అంత" అనండి. తెల్లదైతే "తెల్లవన్నీ ఇంతే" అనండి. అడిగినవాడు తలూపి వెళ్లిపోతాడు.

2. నోరు తెరిచి చూడకండి.

గుర్రం పళ్లు దాదాపు జీవితాంతం చిగురులోంచి పైకి జరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు. పై దవడ కింది దవడకన్నా వెడల్పు కాబట్టి నమిలేటప్పుడు అన్ని అంచులూ సమంగా అరగవు. పై పళ్లు బుగ్గ వైపు, కింది పళ్లు నాలుక వైపు కత్తుల్లా మొనదేరతాయి. తెలిసినవాళ్లు కనీసం ఏడాదికోసారి వైద్యుణ్ని పిలిపించి, నోటికి ఇనుప చట్రం పెట్టించి, పొడుగాటి ఆకురాయితో ఆ మొనలు రాపిస్తారు. మీరు చూడనే లేదనుకోండి, మొనలు లేనట్టే.

తొట్టి కింద సగం నమిలిన గడ్డి ఉండలు పడి ఉంటాయి. నిమ్మకాయంత ఉండ, తడి తడిగా, పీచు పీచుగా, ఒక్కోసారి సన్నటి ఎర్ర జీరతో కనిపిస్తుంది. దాన్ని చేతిలోకి తీసుకోకండి. తీసుకుంటే అనుమానం మొదలవుతుంది. పొద్దున్నే చీపురుతో ఊడ్పించేయండి. గుర్రాన్ని చూసుకునే సాయిస్ వచ్చి "సేఠ్, మేత ఉమ్మేస్తోంది" అంటే, "నీ మొహం మీద ఉమ్మిందా? లేదు కదా, పని చూసుకో" అనండి.

చిన్న గుర్రమైతే ఇంకో వెసులుబాటు ఉంది. రెండున్నరేళ్ల నుంచి ఐదేళ్ల దాకా దాని పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్లు సలుపుతుంటాయి. కళ్లెం అలవాటు చేయడానికి అదే మంచి అదను. అది ఎందుకు తల విదిలిస్తోందో ఎవరూ తేల్చలేరు.

3. గడ్డి తగ్గించండి, దాణా దట్టించండి.

అన్నిట్లోకీ ఇది గొప్ప చిట్కా, శ్రద్ధగా చదవండి. గుర్రం కడుపు ఒంటితో పోలిస్తే చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. మేత ఉన్నా లేకున్నా అందులో రాత్రింబవళ్లు ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని విరిచే లాలాజలం మాత్రం గుర్రం నమిలినప్పుడే వస్తుంది. కడుపు పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే జిగట పొర కూడా లేదు. అందుకే వదిలేసిన గుర్రం రోజులో సగానికి పైగా మేస్తూనే గడుపుతుంది.

అంతసేపు మేపడానికి మీకేం పని లేదా? ఎండుగడ్డి మోపులు మోయాలి, పేర్చాలి, తర్వాత ఆ పేడంతా ఎత్తాలి. పొద్దున ఒక కట్ట, రాత్రి ఒక కట్ట పడేసి మధ్యలో కట్టేసి ఉంచండి. ఆ లోటు ఉడికించిన ఉలవలతో, శనగలతో, బెల్లంతో పూడ్చండి. ఒళ్లు నిగనిగలాడుతుంది, ఫొటోల్లో బాగా పడుతుంది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్నారు పెద్దలు. గడ్డి గురించి వాళ్లేమీ అనలేదు.

బారాత్ రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ పెట్టకండి. నడకకు ముందు కాస్త గడ్డి వేస్తే, అది కడుపులో తేలుతూ ఆమ్లం పైకి చిందకుండా అడ్డుకుంటుందని వైద్యులు చెబుతారు. కానీ పెళ్లికొడుకు మేనమామ కొత్త చెప్పుల ముందు పేడ పడితే మాట పడేది వైద్యుడు కాదు, మీరు. ఖాళీ కడుపే శుభం. పందెం గుర్రాల్లో సగానికి పైగా కడుపు పుండ్లున్నవేనని కెమెరా పెట్టి చూసినవారు తేల్చారు. మీ గుర్రానికీ పుండ్లు పడితే రేసుకోర్సు హోదా దక్కినట్టే.

4. నోరు బిగించండి.

ముక్కుపట్టీకీ ముక్కు ఎముకకూ మధ్య రెండు వేళ్లు దూరాలంటారు. ఒక్క వేలు కూడా దూరకుండా లాగి కట్టండి. దవడ కదలకపోతే చప్పుడు ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంకా కదిపితే ముళ్ల కళ్లెం ఉండనే ఉంది. బండి లాగే, బరువు మోసే జంతువులకు అలాంటి ముళ్ల సరంజామా వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదని, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనికే పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. మీరు వాచీ పెట్టుకోకండి. కళ్లేనికి రెండు వైపులా బంతిపూల దండలు, జరీ కుచ్చులు గుత్తులుగా వేలాడదీయండి. పెదవి మూల చీరుకుపోయినా వీడియోలో పూలే కనిపిస్తాయి.

5. జీను ఒక్కటి చాలు.

ఉన్న గుర్రాలన్నిటికీ అదే వేయండి. వెన్ను ఒరుసుకుపోతే పైన మఖ్మల్ గుడ్డ ఉంది.

6. డీజే పక్కనే నిలబెట్టండి.

బెదురు వల్ల కూడా గుర్రాలు పళ్లు కొరుకుతాయి. పెద్ద బాక్సుల పక్కన అది ఎంత కొరికినా మీకు వినపడదు. సమస్యంతా చప్పుడే కాబట్టి ఇంతకన్నా చవకైన వైద్యం లేదు. టపాసుల సరం కూడా అక్కడే వెలిగించమనండి.

7. నొప్పి మందు మీరే ఇవ్వండి.

ఫినైల్‌బ్యూటజోన్ లాంటి మందులు మోతాదు మించినా, రోజుల తరబడి ఇచ్చినా కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి. అయితే మొదటి రోజు గుర్రం చక్కగా నడుస్తుంది, మీకు కావలసింది ఆ రాత్రి ముహూర్తమే. మర్నాడు మళ్లీ కొరికితే మళ్లీ ఇవ్వండి. ఒకవేళ వైద్యుడు పుండు తగ్గడానికి ఒమెప్రజోల్ రాసి 28 రోజులు వాడమంటే, చప్పుడు తగ్గిన రోజే ఆపేయండి. మిగిలింది అలమారలో దాచండి, వచ్చే ఏడు ఎటూ కావాలి.

8. వైద్యుడు వచ్చాడా, జవాబులు బట్టీ పట్టండి.

ఎవరో జాలిపడి వైద్యుణ్ని తీసుకొస్తారు, తప్పదు. బెదరకండి.

"ఎన్నాళ్ల నుంచి?"
"నిన్న సాయంత్రం నుంచే సార్."
"మేత ఏం పెడుతున్నారు?"
"మేం తినేకన్నా బాగా సార్."
"పళ్లు ఎప్పుడు రాపించారు?"
"పాత ఓనరు రాపించే అమ్మాడు సార్."

మూడు మీటర్ల గొట్టం కెమెరా కడుపులోకి దింపి చూద్దామంటే మాత్రం గట్టిగా నిలబడండి. "ఇవాళ అమావాస్య సార్" అనండి. అమావాస్య కాకపోయినా అక్కడికక్కడ క్యాలెండరు ఎవరూ వెతకరు.

9. పొట్టకేసి చూసుకుంటోందా? రేటు పెంచండి.

పళ్లు కొరుకుతూనే మాటిమాటికీ తల తిప్పి డొక్కకేసి చూసుకుంటుంది. ముందుకాలితో నేల గీరుతుంది. చెమటలు పట్టి, పడుకుని దొర్లుతుంది. ఇది ప్రాణం తీసే కడుపునొప్పి కావచ్చని, గంటలు కూడా ఆగకూడదని చెప్పేవారుంటారు. వినకండి. నేల గీరడమంటే డాన్సు నేర్చినట్టే, నాట్యమాడే గుర్రానికి బారాత్‌లో గిరాకీ ఎక్కువ. వెంటనే వీడియో తీసి పార్టీకి పంపి, మాట్లాడుకున్న రేటుకు మరికొంత కలపండి. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని ఒంటి నిర్మాణమే అలాంటిది. కాబట్టి సాల కడిగే పని కూడా ఉండదు.

10. మేత మానేసిందంటే లాభాల్లో పడ్డట్టే.

ఇక్కడిదాకా చిట్కాలన్నీ తప్పకుండా పాటించినవారికి ఈ ఘట్టం దానంతటదే వస్తుంది. ముందు ఉలవలు వదిలేస్తుంది, తర్వాత గడ్డి, ఆఖరికి నీళ్లు. దాణా ఖర్చు ఆగింది, పేడ ఆగింది, పళ్లు కొరకడమూ ఆగింది. మీరు కోరుకున్నది సరిగ్గా ఇదే. పక్కటెముకలు బయటపడితే ఇంకాస్త పెద్ద మఖ్మల్ గుడ్డ కుట్టించండి. లేవగలిగినన్నాళ్లు బేరం పెట్టండి. కొనేవాడు నోరు తెరవబోతే "కొత్తవాళ్లు ముట్టుకుంటే కరుస్తుంది" అని హెచ్చరించండి.

అది లేవని రోజున ముహూర్తం ఉంటే పెళ్లివారికి సాయంత్రం ఆరింటిదాకా చెప్పకండి. ఆరు దాటాక ఫోన్ చేసి, "పొద్దుటిదాకా బంగారంలా ఉందండీ, ఎవరి దిష్టో తగిలింది" అనండి. పూలు కట్టిన జీపు పంపండి. గుర్రానికి తీసుకున్న అడ్వాన్సు జీపులో సర్దుకోండి, తేడా అడిగితే డీజిలు పెరిగిందనండి.