రెండు రీముల ఎత్తున

స్పీకర్లు మార్చాలనుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తాను మార్చకుండా, ఇంకొకరిని మార్చనివ్వకుండా, ఆ విషయంలో పెద్దమనిషిగా చెలామణి అయ్యేవాడు మాత్రం ఊరికి ఒక్కడే ఉంటాడు. కాగజ్‌నగర్‌లో ఆ పెద్దమనిషి జిరాక్స్ సెంటర్ నడుపుతాడు.

"ఈసారి మార్చుడే" అని ఆయన అనబట్టి ఏళ్లయింది. కంప్యూటర్‌కు అటొకటి, ఇటొకటి చిన్న డబ్బాలు, బల్ల కింద ఒక సబ్‌వూఫర్. కొన్ననాటి అట్టపెట్టె మీద వెయ్యి వాట్లు అని, పక్కనే చిన్న అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంటుంది. ఆ అట్టపెట్టెను పారేయలేదు. వచ్చినవాళ్లకు చూపించడానికి దాచాడు. "వెయ్యి వాట్లంటే ఇస్త్రీపెట్టె. దీని మీద అంగీ ఇస్త్రీ అయితదా? నికరంగ ఇచ్చే పవర్, ఆర్‌ఎంఎస్ ఎంతనో చూడాలె. మిగతాదంత పెండ్లి పత్రిక మీది బిరుదులే."

సలహాకు వెళితే బడ్జెట్ అడగడు. "నీ చెవికి, స్పీకర్‌కు నడుమ దూరమెంత?" అంటాడు. తెలియదంటే సొరుగులోంచి టేపు తీస్తాడు. ఆరంగుళాల వూఫర్ కావాలని వచ్చిన కాలేజీ కుర్రాడికి అరగంట క్లాసు పడింది. పెద్ద వూఫర్, పైనున్న ట్వీటర్ రెండింటి మోత కలిసి ఒక్కటిగా చెవిని చేరాలంటే కొంత దూరం కావాలి. మూడడుగుల్లో కూర్చునేవాడికి మూడున్నర, నాలుగంగుళాలది చాలు. పైగా దగ్గర కూర్చుంటే వాల్యూమ్ తక్కువ పెట్టినా సరిపోతుంది. "క్వార్టర్ల గోడ ఒక్కటే, కాపురాలు రెండు. నీ పాట నీ కాన్నే ఉండాలె" అని తీర్పు. ఇక బేస్ అంటారా, అది ఊరికే దొరుకుతుంది. బల్హార్షా లైన్లో బొగ్గు గూడ్సు పోయినప్పుడు ఆయన పాట ఆపి, అది వెళ్లేదాకా ఆగుతాడు. ఎంత వూఫర్‌దో, ఎంత రైల్వేదో లెక్క తేలాలి కదా.

ఆయన పాట వినిపిస్తానంటే కాస్త జాగ్రత్త. ఒకే కుర్చీ ఉంటుంది. రెండు స్పీకర్లు, వినేవాడి తల, మూడూ సమబాహు త్రిభుజం కావాలట. మంగలి పట్టుకున్నట్టు మీ గడ్డం పట్టి తలను కొలతలోకి తెస్తాడు. అప్పుడు బాలు గొంతు కుడి నుంచీ కాదు, ఎడమ నుంచీ కాదు, సరిగ్గా నడుమ, మానిటర్ మీద పెట్టిన వెంకన్న పటం దగ్గర్నుంచి వస్తుంది. "కూసున్నడా?" అని అడుగుతాడు. కూర్చున్నాడు, నిజమే. చాయ్ అందుకోవడానికి మీరు జానెడు పక్కకు వంగితే బాలు కూడా అటే జరుగుతాడు. అందుకే చాయ్ పాట అయ్యాకే. ఇద్దరు చుట్టాలొస్తే వంతులు పడాలి.

ఎంపిక కోసం రైలెక్కి హైదరాబాద్ కూడా పోయొచ్చాడు. షోరూంలో స్పీకర్లు గోడకు ఆనించి, అరల్లో వరసగా ఉంటాయి. అందరూ పదడుగుల దూరంలో నిలబడి వింటారు. ఈయన ఒక బల్ల, ఒక కుర్చీ అడిగాడు. అమ్మే కుర్రాడు సంతకం పెట్టే బేరమనుకుని ఉరికి తెచ్చాడు.

"సౌండ్ పెంచాలా సార్?"

"తగ్గించు బాబూ. ఇంట్ల వినేటంత పెట్టు. గోడకు జర ఇవతలికి జరుపు."

గోడ దగ్గరైతే బేస్ ఉబ్బుతుంది, బల్ల మీద పడి లేచిన శబ్దం గొంతును మసకబారుస్తుంది. ఇవన్నీ వివరించి, నమస్తే పెట్టి, సాయంత్రం బండికి ఉత్తచేతులతో దిగాడు. వస్తూ వస్తూ ఒక సంగతి మాత్రం పట్టుకొచ్చాడు: ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలి.

అక్కడ్నుంచి రీముల యుగం మొదలైంది. స్పీకర్ కింద ఏ-4 కాగితం రీములు పెట్టాడు, ఒక్కోదాని కింద రెండేసి. నిజంగానే పాత డబ్బాలకు ప్రాణం లేచొచ్చింది. చిక్కల్లా హాల్‌టికెట్ల సీజన్లో. గిరాకీ ఎక్కువై కాగితం అయిపోతే పనిపిల్ల ఎడమ స్పీకర్ కింది రీము లాగేస్తుంది. ఆ పక్క తాళాలు మందగిస్తాయి. ఈయన తల తిప్పకుండానే "రీమెవరు తీసిన్రు?" అంటాడు.

దీనికి ఆయన దగ్గర చరిత్ర కూడా ఉంది. 1978లో యమహావాళ్లు ఇళ్లలో వినడానికి ఎన్‌ఎస్-10 అని ఒక స్పీకర్ చేస్తే, స్టూడియోవాళ్లు దాన్ని మిక్సింగ్ బల్ల మీదికెక్కించారు. దాని తెల్లటి కోను కాగితం. కీచుదనం ఎక్కువైందని ట్వీటర్ ముందు వాళ్లు వేలాడదీసిందీ టిష్యూ కాగితమే. "లోపల కాయిదమే, ముందట కాయిదమే. కింద పెట్టుడు ఒక్కటే మిగిలె, అది మన కాగజ్‌నగర్ చేసింది." ఊళ్లోని సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతబడి, 2018లో మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లు పరాయి ఊరి రీముల మీద పాట వినాల్సొచ్చిందని ఇప్పటికీ నొచ్చుకుంటాడు. తేడా తెలిసిందా అంటే, "చెవికి తెల్వలె, పానానికి తెలిసింది" అంటాడు.

ఇప్పుడు ఎవరొచ్చినా ఒకటే మందు. "ముందుగాల రెండు రీములు పెట్టు. గోడకు జానెడు ఇవతలికి గుంజు. నెలరోజులు విను. గప్పటికీ మార్చాలనిపిస్తే రా, ఇద్దరం పోయి కొందాం." ఆ మాట పాడుగాను, పనిచేస్తుంది! నెల తర్వాత తిరిగొచ్చేవాళ్లు దాదాపు ఉండరు. ఆయన సొంత స్పీకర్లు మారకపోవడానికీ అదే కారణం. మార్చాలనుకున్న ప్రతిసారీ ముందు ఓ బెత్తెడు జరుపుతాడు, బాగుపడుతుంది, ఆశ చచ్చిపోతుంది.

బజార్లో ఎలక్ట్రానిక్స్ దుకాణం ఆయన ఈ మధ్య వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు. తిప్పుకోడా మరి? ఆయన కొట్టులో స్పీకర్లు కొన్నవాళ్లకంటే ఈయన కొట్టులో రీములు కొన్నవాళ్లే ఎక్కువ.