అన్నా, కోడ్ పంపరాదే!

సాయం చేయడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. అనుమానముంటే బీటెక్ మొదటి ఏడాది రికార్డు సబ్మిషన్‌కు ముందు రాత్రి చూడండి. టేకుమట్ల నుంచి హనుమకొండకు చదువుకు వచ్చిన పిల్లాడు, హాస్టల్ మంచం మీద వెల్లకిలా పడుకొని ప్రశ్నను ఫోటో తీసి సీనియర్‌కు పంపుతాడు.

"అన్నా, గా ఫిబొనాచి ప్రోగ్రాం పంపరాదే, రేపే సబ్మిషన్."

"ఏమడిగిన్రో చదివినవా?"

"చదువుడెందుకన్నా, ఫోటో పెట్టిన గదా!"

కాసేపట్లో కోడ్ వచ్చేస్తుంది. అన్న రాసిందేమీ కాదు, ఆయనకూ ఓ అన్న ఉన్నాడు. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన టర్బో సి నాటి క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ మంత్రాలు ఇంకా దాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. ఎందుకున్నాయని అడిగితే వంశాచారాన్ని ప్రశ్నించినట్టే.

ఈ దానం పిల్లాణ్ణి ఎంత పెద్ద గండం నుంచి గట్టెక్కించిందో చూడండి. తానే రాయబోయి ఉంటే 'ఎ'లో సున్నా, 'బి'లో ఒకటి పెట్టేవాడు. 'ఎ'ని అచ్చువేసి, 'బి'ని 'ఎ'లోకి మార్చి, ఆ రెంటినీ కూడి 'బి'లో వేసేవాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తెర మీద 0, 1, 1, 2, 3, 5 రావాల్సిన చోట 0, 1, 2, 4, 8, 16 వచ్చి కూర్చునేవి. అప్పుడు మంచం దిగి, కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒక్కో చుట్టుకు ఎందులో ఏముందో రాసుకోవాల్సి వచ్చేది. మొదటి చుట్టులోనే గుట్టు బయటపడేది: కూడేసరికే పాత 'ఎ' చెరిగిపోయింది, 'బి' తనను తానే కలుపుకుంటోంది. మూడో డబ్బా ఒకటి కావాలని తనకే తోచేది. ఇంత ప్రమాదం తప్పింది! ఈత నేర్పమంటే భుజాన ఎక్కించుకొని ఒడ్డు దాటించడమంటే ఇదే.

ఫర్ లైను చివర పొరపాటున సెమికోలన్ పెట్టి, ఒకటి నుంచి పది దాకా రావాల్సిన చోట 11 ఒక్కటే చూసి నోరెళ్లబెట్టే భాగ్యమూ వాడికి లేకుండా పోయింది. లూపు పదిసార్లు ఉత్తిచేతులతో తిరిగి వచ్చిందని వాడికి ఎవరు చెప్పాలి?

అసలు ఈ వరుస వాడికి కొత్తేమీ కాదు. బడిలో గణవిభజన చేసినవాడే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను అయిదు రకాలుగా పేర్చవచ్చు, అయిదింటిని ఎనిమిది రకాలుగా, ఆరింటిని పదమూడు రకాలుగా. చివర లఘువుంటే దాని ముందు ఒక మాత్ర తక్కువ, గురువుంటే రెండు తక్కువ. కనుక వెనకటి రెండు లెక్కలూ కూడితే ముందరిది. హేమచంద్రుడు ఈ సంగతి 12వ శతాబ్దంలోనే చెప్పాడు. ఫిబొనాచి కుందేళ్ల లెక్క పుస్తకానికెక్కింది 1202లో. తెలుగు సారు ఛందస్సు చెప్పి వెళ్లిపోయాడు, కంప్యూటర్ సారు ఇటలీ పేరు చెప్పి వెళ్లిపోయాడు. స్టాఫ్ రూమ్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నా ఈ మాట వచ్చేది కాదు, డీఏ బకాయిల మాట వచ్చేది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అన్నల ఉద్యోగమూ పోయింది. పాపం, అన్న కనీసం చదివినవా అని అడిగేవాడు.

ఇక వైవా. ఎక్స్‌టర్నల్ సారు రికార్డు తిరగేస్తాడు. "షరతులో చిన్నది లేదా సమానం అని ఎందుకు పెట్టినవ్? ఉత్త చిన్నది అంటే నడవదా?" అని అడిగితే ఇద్దరికీ ఇబ్బందే కనుక అడగడు. "అవుట్‌పుట్ వచ్చిందా?" అంటాడు. "వచ్చింది సార్." నిజమే, ఎవరికో ఎప్పుడో వచ్చే ఉంటుంది. సంతకం పడుతుంది.

ఆ తరగతిలోనే ఇంకొకడున్నాడు. 16 ఎందుకొచ్చిందో కనిపెట్టడానికి రాత్రంతా గళ్లు గీశాడు, ఆ గళ్లూ దిద్దుబాట్లూ రికార్డులోనే వదిలేశాడు. కొట్టివేతలున్నాయని వాడికి రెండు మార్కులు కోసి, మంచిగా మళ్లీ రాసుకురమ్మన్నారు. ఎవరిది చూసి రాయాలో కూడా చెప్పారు.