వానను ఆపకు, నీళ్లు పెట్టకు

దక్షిణ ఫ్రాన్సులో రోన్ నదికి దగ్గర్లో షాతోనెఫ్ దు పాప్ అనే వైన్ల ఊరుంది. 1954 అక్టోబరులో ఆ ఊరి మేయరు లూసియన్ జ్యూన్ గారు ఒక ఉత్తర్వు జారీ చేశారు. ఎగిరే పళ్లేలు గానీ, ఎగిరే చుట్టలు గానీ, ఏ దేశానివైనా సరే, ఊరి మీదుగా ఎగరరాదు, దిగరాదు, పైకి లేవరాదు. కాదని దిగినదాన్ని తక్షణం బందెలదొడ్డికి తోలాలి. అమలు చేసే పూచీ ఊరి కావలివాడిది. ఇదంతా నలుగురి నోళ్లలో ఊరి పేరు నానడం కోసమేనని ఆయన కొడుకు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు గానీ, ఉత్తర్వును మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. 2016లో అప్పటి మేయరును అడిగితే దాని జోలికి పోనన్నారు. ఇన్నేళ్లలో ఒక్క పళ్లెమూ దిగిన దాఖలా లేదు. ఫ్రెంచి వైన్ లోకంలో ఇంత చక్కగా అమలైన రూలు ఇంకోటి లేదని నా నమ్మకం.

మిగతా రూల్స్‌కి పుట్టిల్లు కూడా ఆ ఊరే కావడం విశేషం. 1923లో అక్కడి రైతులు పియేర్ లె రువా అనే బారన్ గారి దగ్గరికి వెళ్లి, మా ఊరి పేరుతో ఎవడు పడితే వాడు వైన్ అమ్ముకుంటున్నాడు, మీరే దిక్కన్నారు. ఆయన లా చదివినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు, పైగా ఆ ఊరి అల్లుడు. కాగితం కలం తీసుకుని కూర్చున్నాడు. లావెండర్, థైమ్ మొలిచే బీడునేలలే మన నేలలన్నాడు. ఫలానా రకాల ద్రాక్షే నాటాలి, కోసిన గుత్తుల్లో పనికిరానివి ఏరి పారెయ్యాలి, సారం ఇంత డిగ్రీలకు తగ్గకూడదన్నాడు. ఎర్ర వైన్ చేసుకోవచ్చు, తెల్లది చేసుకోవచ్చు. గులాబీ రంగుది చేశారో, ఊరి పేరు దక్కదు. ఈ పద్ధతే 1935లో దేశమంతటికీ చట్టమైంది. చట్టం వెనక నిలబడి నడిపించినవాడు జోసెఫ్ కాపు అనే సెనేటరు. మరుసటేడు మే 15న వెలువడ్డ మొదటి జాబితాలో ఈ ఊరి పేరు ఉండనే ఉంది. ఏఓసీ అంటే అదే, ఊరి పేరుకు సర్కారు కాపలా. ఇప్పుడు అలాంటి పేర్లు వైన్లకే మూడు వందలకు పైగా ఉన్నాయి. ఒక్కో పేరుకు ఒక్కో రూల్స్ పుస్తకం.

కాపలా అనవసరమని నేననను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్సు తోటల్ని వేళ్లతో సహా నాకేసింది. వైన్ కరువైంది. కరువులో వ్యాపారి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది కదా, నీళ్లు, చక్కెర, ఎక్కడెక్కడి రసాలు కలిపి మేలు రకం పేర్లు తగిలించి అమ్మేశారు. షాంపేన్ ప్రాంతంలో కొందరు వ్యాపారులు స్థానిక రైతును ఎండగట్టి, బయటి ప్రాంతాల నుంచి చవక సరుకు రైళ్లలో దింపి షాంపేన్ చేసేవారు. 1911లో రైతులు తిరగబడ్డారు. ఆయ్ అనే ఊళ్లో వ్యాపారుల గోదాములు, ఇళ్లు తగలబెట్టారు, తోటల్ని కూడా వదల్లేదు. సైన్యం దిగింది. ఆ కోపం న్యాయమైనది. దాన్నుంచి పుట్టిన చట్టమూ న్యాయమైనదే. నా పేచీ ఆ తర్వాతి సంగతితో. దొంగ వ్యాపారిని పట్టడానికి పుట్టిన చట్టం ఇప్పుడు పొద్దున్నే లేచి వెతికేది రైతుని.

అక్కడి పెద్దల నోట ఎప్పుడూ ఆడే మాట టెర్వార్. నేల, వాలు, గాలి, వాన, ఎండ, ఆ ఊరి తీరు, అన్నీ కలిపిన మహత్యం. ఆ మహత్యం చెడకుండా చూడటమే రూల్స్ పని. మన ఇళ్లలో పెద్దావిడ మడి కట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే. పిల్లాడు దగ్గరకొస్తే మైల, గడప తాకితే మైల, పట్టుచీర మాత్రం ఎన్నాళ్లు ఉతక్కపోయినా మడే.

నీళ్ల మడి చూడండి. ఏఓసీ తోటకు మే 1 నుంచి కోతల దాకా నీరు పెట్టకూడదు. తీగ ఆకులు మాడి ముడుచుకుంటుంటే, కిందివాళ్లు అర్జీ పెట్టుకుని, పైవాళ్లు పరిశీలించి, సరేనంటేనే పెట్టుకోవచ్చు. వాళ్లు సరేననకపోతే దేవుడు దిగొచ్చినా బిందెడు పోయడానికి లేదు. ఎందుకయ్యా అంటే, ఆకాశం ఇచ్చిందే ఆ ఏటి రుచి, మనిషి చెయ్యి పెట్టకూడదు.

సరే, ఆకాశం ఇచ్చిందే పరమావధి అనుకుందాం. మరి కోతల ముందు ఆకాశం అడక్కుండానే కుండపోత కురిపిస్తే? వేళ్లు నీరు తాగి కాయ ఉబ్బుతుంది, రసం పలచబడుతుంది. 2000 పంటకు బోర్డో ప్రాంతంలో ఇద్దరు ఒక పని చేశారు. సెంత్ ఎమిలియోన్‌లో వాలాంద్రో యజమాని జాన్ లుక్ తునెవాన్, ఫ్రాన్సాక్‌లో ఫాంతెనీల్ యజమాని మిషెల్ రొలాన్. సాళ్ల మధ్య నేల మీద ప్లాస్టిక్ పట్టాలు పరిచారు, వాన నీరు వేళ్లకు దిగకుండా. మన పల్లెల్లో మిరపకాయలు ఆరబోసిన రైతు మబ్బు పట్టగానే చేసే పనే. ఏఓసీల కమిటీ వారు కళ్లెర్ర చేశారు. వాన పడకుండా అడ్డుకోవడం టెర్వార్‌ని మార్చడమేనన్నారు. ఆ నేల వైనుకు ఏఓసీ పీకి, అందరికన్నా కింది మెట్టుకు, మామూలు భోజనాల వైన్ కింద దించేశారు. తునెవాన్ దానికి ‘నిషిద్ధం’ అని పేరు పెట్టాడు, రొలాన్ ‘సవాలు’ అని పెట్టాడు.

ఇక్కడే అసలు తమాషా. అదే బోర్డోలో, వాన నీరు తాగి పలచబడ్డ రసాన్ని తొట్టిలోకి తెచ్చాక, అందులోంచి నీటిని లాగేసే యంత్రం పెట్టుకోవచ్చు. దానికి షరతులున్నాయి, కానీ అనుమతీ ఉంది. అంటే నీరు వేరులోకి దిగకుండా ఆపితే తప్పు, దిగాక రసంలోంచి తోడితే ఒప్పు. పట్టా ఖరీదెంత, యంత్రం ఖరీదెంత, ఏది ఎవరు కొనగలరు అని అడిగేవాళ్లది బుద్ధి తక్కువ.

అంతకన్నా తియ్యటి సంగతి చక్కెరది. ఎండ చాలక కాయ తియ్యబడకపోతే, పులిసేటప్పుడు రసంలో చక్కెర పోసి సారం డిగ్రీ పెంచొచ్చు. నెపోలియన్ దగ్గర మంత్రిగా చేసిన షాప్తాల్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, ఆయన పేరు మీదే నడుస్తోంది. బోర్డో, బర్గండీ, షాంపేన్లలో ఆ ఏటికి అనుమతి వస్తే పోసుకోవచ్చు. ఆ చక్కెర ఎక్కడిది? ఎక్కడో ఉత్తరాది చేలల్లో పండిన బీట్ దుంపది. అది ఏ టెర్వార్? దానికెవడూ లావెండర్ మొలిచిందా అని అడగడు. తీగకు బిందెడు నీళ్లు పోస్తే మైల, తొట్టిలో బస్తాడు దుంప చక్కెర గుమ్మరిస్తే మడి.

ఎండలు ముదిరాయని బోర్డో పెద్దలకూ తెలుసు. తెలియబట్టే 2021లో వేడిని తట్టుకునే ఆరు కొత్త రకాల ద్రాక్షను రానిచ్చారు. పోర్చుగల్ వాళ్ల తూరీగా నాసియొనాల్ కూడా అందులో ఉంది. రానిచ్చారు గానీ పీట వెయ్యలేదు. తోటలో 5 శాతం మించి నాటకూడదు, కలపడంలో 10 శాతం దాటకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, లేబుల్ మీద వాటి పేరెత్తకూడదు. ఇంట్లో చాకిరీ చెయ్యాలి, చుట్టాలొస్తే పెరట్లో ఉండాలి.

షాంపేన్‌లో మడి కొలతల రూపంలో ఉంటుంది. 4,000 కిలోల ద్రాక్ష పిండితే 2,550 లీటర్ల రసమే లెక్కలోకి వస్తుంది, అందులోనూ మొదటి 2,050 లీటర్లదే పెద్దపీట. కోత చేత్తోనే కొయ్యాలి. నా మట్టుకు నాకు ఇవి మంచి రూల్సే అనిపిస్తాయి, కాయ నలగకుండా ఉంటుంది. కానీ ప్రతి వేసవిలోనూ పెద్ద కంపెనీలూ రైతులూ కూర్చుని, ఈ ఏడు హెక్టారుకు ఇన్ని కిలోలే కొయ్యాలని తేలుస్తారు. 2020లో కరోనా వచ్చి పార్టీలు ఆగిపోయాయి, కోత 8,000 కిలోలకు కట్ అయింది. కాయ బ్రహ్మాండంగా కాసింది. దేవుడు వరమిచ్చాడు, పూజారి ఇవ్వలేదు. అదేమిటండీ, ఆకాశం ఇచ్చిందే రుచి అన్నారుగా అంటే, రుచి ఆకాశానిది, రేటు మాది.

ఇన్ని నియమాలు పాటించిన వైన్ కనీసం నోట్లో పెట్టుకుంటే బాగుండాలి కదా. ఆ పరీక్ష కూడా ఉండేది. రుచి చూసే కమిటీ. అందులో కూర్చునేది ఇరుగు పొరుగు రైతులు, వ్యాపారులు. ఎవరి వైన్ ఫెయిల్ చేస్తే వాడు రేపు మన వైన్ ఫెయిల్ చేస్తాడు. అందుకని వచ్చినవి దాదాపు అన్నీ పాస్. 2007లో అక్కడి వినియోగదారుల సంఘం యూఎఫ్‌సీ క్యు షువజీర్ నిపుణులను అడిగి, ఏఓసీ వైన్లలో మూడో వంతు ఆ పేరుకు తగవని తేల్చింది. మరుసటేడు పద్ధతి మార్చారు, తనిఖీలు బయటి సంస్థల చేతికిచ్చారు. మార్పు వచ్చిందనే అంటారు. సెంత్ ఎమిలియోన్‌లో తోటలకు పదేళ్లకోసారి ర్యాంకులిచ్చే పద్ధతి ఉంది. 2012లో అగ్రశ్రేణికి పెట్టిన మార్కులు చూడండి: పేరు ప్రతిష్ఠలకు 35, రుచికి 30. పేరున్నవాడికి పేరుందని మార్కులు, ఆ మార్కుల వల్ల ఇంకా పేరు. ఆఖరికి 2021లో ఆ వరసలో అందరికన్నా పైనున్న ఓజోన్, షెవాల్ బ్లాన్ మాకీ పోటీ వద్దని తప్పుకున్నాయి.

పేరు కాపలాలో మాత్రం షాంపేన్ వాళ్ల చురుకు చూసి తీరాలి. 1993లో ఇవ్ సెన్ లొరాన్ కంపెనీ అత్తరుకు షాంపేన్ అని పేరు పెడితే కోర్టుకు లాగి మార్పించారు. స్విట్జర్లాండులో షాంపేన్ అనే చిన్న పల్లె ఉంది, ఆ పేరు వెయ్యేళ్ల పైమాటే. 2004 నుంచి ఆ పల్లెవాళ్లు తమ వైనుకు తమ ఊరి పేరు పెట్టుకోకూడదు. 2023లో బెల్జియం కస్టమ్స్ వాళ్లు ఆంట్వెర్ప్ రేవులో 2,352 మిల్లర్ బీరు క్యాన్లు పట్టుకుని నలిపేయించారు. నేరం ఏమిటయ్యా అంటే, ఆ అమెరికా బీరు తనను తాను వందేళ్ల పైనుంచి ‘బీర్లలో షాంపేన్’ అని పొగుడుకోవడం. మన దగ్గర ‘వైన్స్’ అని అడుగెత్తు అక్షరాలతో బోర్డున్న కొట్లో బ్రాందీ, విస్కీ, బీరు వరసగా ఉంటాయి, వైన్ అడిగితే కొట్టువాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు. వీళ్ల కంట ఇంకా పడలేదు గానీ, చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్టర్లో మన తిరుపతి లడ్డూ, బనగానపల్లె మామిడి ఉన్న పుస్తకంలోనే షాంపేన్ కూడా పేరు రాయించుకుని కూర్చుంది. పెళ్లి పిలుపుల్లో ఆ మాట వాడేవాళ్లు కాస్త చూసుకోండి.

పరాయివాడితో పేచీ పోనీ, సొంతవాడి మీద? ఒలివియే కుజాన్ అని ఆంజూ ప్రాంతపు రైతు. మందులు కొట్టడు, గుర్రంతో దున్నుతాడు, రసంలో ఏమీ కలపడు. రూల్స్‌తో విసిగి ఏఓసీ వదిలేశాడు. వదిలేశాక డబ్బాల మీద ఏఓసీ అని అచ్చేశాడు. అడిగితే అవి ‘ఆంజూ ఒలివియే కుజాన్’ తొలి అక్షరాలు, నా ప్రాంతమూ నా పేరూ, మీకేమిటన్నాడు. కేసు పెట్టారు. జైలు, వేల యూరోల జరిమానా అని బెదిరింపు. ఆయన గుర్రాన్ని వెంటబెట్టుకుని కోర్టుకు వచ్చాడు. చక్కెర బస్తాలు పోసుకున్నవాళ్లు ఆ పూట తమ తమ ఏఓసీ తోటల్లో నిశ్చింతగా ఉన్నారు.

ఇక తాజా కబురు. పొమెరోల్‌లో షాతో లఫ్లూర్ అని నాలుగున్నర హెక్టార్ల తోట. మన లెక్కలో పదకొండెకరాలు. ప్రపంచంలో వైన్ పిచ్చి ఉన్నవాళ్లు పేరెత్తితే చేతులు జోడించే తోటల్లో ఒకటి. 2025 ఆగస్టులో దాని యజమానులు గినోదో కుటుంబం ఒక ఉత్తరం విడుదల చేసింది. వాతావరణం వేగంగా మారిపోతోంది, తీగల్ని కాపాడుకోవాలంటే చేయాల్సిన పనులకు ఈ రూల్స్ అడ్డం, ఈ పంట నుంచే పొమెరోల్ ఏఓసీ, బోర్డో ఏఓసీ రెండూ వదిలేస్తున్నాం. ఏమిటా పనులంటే ఘోరాలేం కావు. నేలలో తేమ నిలబెట్టడం, తీగకు నీడ పట్టడం, మరీ ఎండిపోతుంటే నీళ్లు పెట్టడం. అనంతపురం రైతు ఎవరినీ అడక్కుండా చేసేవి.

కాబట్టి డబ్బుండి ఆ సీసా కొనే తెలుగువాళ్లు ఎక్కడున్నా, ఒక్క మాట. 2025 పంట సీసా చేతికొచ్చినప్పుడు లేబుల్ మీద పొమెరోల్ కోసం వెతక్కండి. ‘షాతో’ అనే మాట కూడా ఉండదు, అది ఏఓసీవాళ్లకే సొంతం. ‘వాన్ ద ఫ్రాన్స్’ అని ఉంటుంది. సూపర్ మార్కెట్లో అడుగు అరలో దొరికే చవక సీసాల మీద ఉండేదీ అదే. చిరునామాలో ఊరి పేరు రాసుకోవచ్చా అంటే, దానికీ రూలుంది: కోడ్ నంబరైనా వెయ్యాలి, లేదా చిన్నక్షరాల్లో రాసుకోవాలి.