హాలు గోడ పంచనామా

రెవెన్యూ శాఖలో ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ అర్జీలు పుచ్చుకుంటూ గడిపినవాణ్ణి. ఇప్పుడు నేనే ఒకటి పెట్టుకుందామంటే ఎవరి సముఖానికి పంపాలో తెలియడం లేదు. సోమవారం గ్రీవెన్సుకు వెళ్ళి, "నా స్వాధీనానుభవంలో ఉన్న హాలును నా సమ్మతి లేకుండా అందంగా తయారుచేశారు" అని కాగితం ఇస్తే, పుచ్చుకునే కుర్రాడు నవ్వుతాడు. ఆ కుర్చీలో ఉంటే నేనూ నవ్వేవాణ్ణే. కనుక పాఠక మహాశయులకే మనవి చేసుకుంటున్నాను.

వాది: జగ్గయ్యపేట వాస్తవ్యుడు, ఇంటిపన్ను రసీదు మేరకు యజమాని. ప్రతివాదులు ముగ్గురు. ఒకటో ప్రతివాది మా ఆవిడ. రెండో ప్రతివాది మా అమ్మాయి. హైదరాబాదు నుంచి సంక్రాంతికి వచ్చి, వాళ్ళమ్మకు ఫోన్లో నాలుగు వీడియోలు చూపించి, కనుమ మర్నాడు బస్సెక్కి చక్కా పోయింది. మూడో ప్రతివాది నందిగామలో ఉండే మా మరదలు. దావా ఆస్తి మా హాలు తూర్పు గోడ. దానికి హద్దులు: తూర్పున వీధి, పడమర సోఫా, ఉత్తరాన టీవీ, దక్షిణాన మా నాన్నగారి పడక్కుర్చీ.

ఆ గోడ మా ఇంటి అసలు దస్త్రం. పడక్కుర్చీ వెనక, మా నాన్నగారు తల ఆనించి పేపరు చదివిన చోట, అరచేయంత నూనె మరక ఉండేది. దాని మీద ఎన్నిసార్లు వెల్ల వేసినా రెండు నెలలకు మళ్ళీ పైకి తేలేది. ద్వారబంధం పక్కన జానెడు వెడల్పున పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, ఏడాదికొకటి, తేదీలతో సహా. వెల్ల వేసేవాడు ఆ జానెడు మేరా వదిలేసేవాడు. మా నాన్నగారు చేతికర్రతో పక్కనే నిలబడేవారు గనుక. ఒక గీత పక్కన ఆయన చేతిరాత: "మడమలు ఎత్తాడు. తకరారు." మా అబ్బాయికి ఇప్పుడు పెళ్ళీడు వచ్చింది, ఆ తకరారు మీద విచారణ మాత్రం నేటికీ పెండింగు. కిందికి వస్తే సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలిన తేదీలు, ఒకానొక ఏడు పత్తి అమ్మిన ధర, గ్యాసు బండ మార్చిన రోజులు, ల్యాండ్‌లైన్ల కాలం నాటి నందిగామ నంబరు.

చిట్టచివరి నమోదు మాత్రం మనుషులు చేసింది కాదు. 2024 సెప్టెంబరు 1 నాటి వాన అది. పాలేరు పొంగి గరికపాడు వంతెన దగ్గర రోడ్డు కోసుకుపోయి, హైదరాబాదు బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయిన రోజు. ఆ రోజు మా గోడ మోకాలి ఎత్తు దాకా నీళ్ళు తాగింది. ఎండాక పటంలో నది గీసినట్టు ఒక గోధుమరంగు గీత మిగిలింది. నేను దాని పక్కన తేదీ వేసి సంతకం చేశాను. మా ఆవిడ అదే గీతను చూసి, "ఏవండీ, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది.

వచ్చేవాళ్ళెవరని అడిగాను. పాలబ్బాయి, కరెంటు రీడింగు మనిషి, చీటీ డబ్బుల కోసం ఎదురింటామె.

"వాళ్ళు మనుషులు కారా?" అంది.

ఇక్కడ మూడో ప్రతివాది రంగప్రవేశం. నందిగామలో మా మరదలు తమ హాలులో మూడు గోడలకు తెలుపు, ఒక్క గోడకు ముదురు నీలం వేయించింది. "మిగతా వాటికి రంగు చాలలేదామ్మా?" అని అమాయకంగా అడిగాను. "యాక్సెంట్ వాల్ బావగారూ!" అంది. ఆ పూట నా విస్తట్లోకి పెరుగు రాలేదు. మా తోడల్లుడు మాత్రం నా చెవి దగ్గరికి వంగి, ఆ గోడకు ఎంతయిందో చెప్పాడు. మా ఊరికి తిరిగొచ్చే దాకా, చిల్లకల్లు టోలుగేటు దాటినా, నేనూ మా ఆవిడా మాట్లాడుకోలేదు. నేను ఆ అంకె గురించి ఆలోచిస్తున్నాను. ఆవిడ రంగు గురించి ఆలోచిస్తోంది.

నేను న్యాయంగానే ప్రతిఘటించాను. కానీ ఆవిడ వాదనలు చూడండి. "మన ఊరి జిల్లా కాస్తా 2022లో కృష్ణా నుంచి ఎన్టీఆర్ అయింది. జిల్లా పేరే మారగా లేనిది గోడ రంగు మారకూడదా?" అంది. జిల్లాకు గెజిట్ నోటిఫికేషన్ ఉంది, నీ గోడకు ఏముంది అన్నాను. అప్పుడు బ్రహ్మాస్త్రం తీసింది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి సంగతి ఈ ప్రాంతంలో తెలియనివారు ఉండరు. రెండేళ్ళకోసారి అమ్మవారి, గోపయ్యస్వామి, సహదేవతల విగ్రహాలు ఊరేగింపుగా మా జగ్గయ్యపేటకే వచ్చి, రంగుల మండపంలో కొత్త రంగులు దిద్దించుకుని మళ్ళీ మునేటి ఒడ్డుకు వెళతాయి. "అంత తల్లే రంగులు వేయించుకోడానికి మన ఊరు వెతుక్కుంటూ వస్తోంది. ఊళ్ళోనే పడున్న గోడకు ఆ యోగం లేదా?" అంది. అమ్మవారిని సాక్షిగా పిలిచాక ఎవరు క్రాస్ ఎగ్జామిన్ చేస్తారు చెప్పండి.

రంగుల కొట్లో జరిగినదాన్ని క్లుప్తంగా చెబుతాను. పుస్తకమంత షేడ్ కార్డు తిరగేసి, అందులో ఏదీ కుదరక, మా ఆవిడ సంచీలోంచి చీర తీసి అంచు చూపించింది. "ఈ నెమలికంఠం రంగు." కొట్టు కుర్రాడు అంచును బల్ల మీద పరిచి, పక్కనే కార్డు పెట్టి, కంప్యూటర్లో ఏదో నంబరు కొట్టాడు. తెల్లటి బేస్ డబ్బాలోకి మిషను నాలుగు చుక్కలు నీలం, రెండు చుక్కలు పచ్చ వదిలింది. మూత బిగించి గడగడ ఊపి తీస్తే నెమలికంఠమే! చీర కొన్నదీ నేనే, గోడ కొన్నదీ నేనే.

ఆ తరవాత పుట్టీ. దస్త్రాలు ఎలా నాశనమవుతాయో కళ్ళారా చూశాను. పెయింటరు రేకుతో ఒక్క గీటు గీస్తే నూనె మరక పోయింది. మరో గీటుకు పత్తి ధర, కాలువ నీళ్ళు పోయాయి. పెన్సిలు గీతల దగ్గరికి వచ్చేసరికి, "ఆగు బాబూ, ఇది రికార్డు" అన్నాను. "ఫోన్లో ఫొటో తీసుకోండి సార్" అన్నాడు. తీసుకున్నాను. ఆ ఫొటోలో నా బొటనవేలు బాగా వచ్చింది.

మా చిన్నప్పుడు సంక్రాంతి ముందు సున్నపురాళ్ళు తెచ్చి కాగులో వేసి నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికేది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. మర్నాడు వడకట్టి, చిటికెడు నీలిమందు, కాస్త బంక కలిపి వెల్ల వేసేవారు. తడిగా ఉండగా ఏమీ అంటనట్టే ఉండి, ఆరేకొద్దీ తెల్లబడేది. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి సున్నపురాయే అవుతుంది. గోడకు ఊపిరి ఆడుతుంది, తాగిన చెమ్మను మెల్లగా బయటికి వదిలేస్తుంది. పుట్టీ మీద ఇప్పటి ప్లాస్టిక్ రంగు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు పొంగి, పొర బుడగలెత్తి ఊడుతుంది. ఈ మాట పెయింటరుతో అన్నాను. "మీరు ఇంజనీరా సార్?" అన్నాడు. కాదన్నాను. పని కొనసాగించాడు.

అసలు మా ఊరు నిలిచిందే సున్నపురాయి మీద. జయంతిపురం, ముక్త్యాలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది దాని పుణ్యమే. అంతకు చాలా ముందు ఆ రాతి మీదే ఇంటి లెక్కలు చెక్కినవాళ్ళూ ఉన్నారు. ఊరి పక్క ధనంబోడు స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ దొరగారు తవ్వినప్పుడు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటి శాసనం దొరికింది. సిద్ధార్థుడనే శిల్పి అయిదు ఆయక స్తంభాలు దానమిస్తూ, తండ్రి ఎవరో, ఊరేదో, తల్లి, భార్య, పిల్లలు ఎవరెవరో వరసగా రాసుకున్నాడు. పదిహేడు వందల ఏళ్ళు నిలిచింది. ఎందుకంటే ఆయన భార్యకు నందిగామలో చెల్లెలు లేదు.

అక్కడే దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం మరీ ప్రసిద్ధం. ఆయన చెయ్యెత్తితే కాసుల వాన కురుస్తుంది. అది ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. పెయింటరు బిల్లు ఇచ్చిన రోజున ఇక్కడే ఉంటే బాగుండేదనిపించింది.

న్యాయం చెప్పుకోవాలి గనుక ఇంకో సంగతీ ఒప్పుకుంటాను. పాత బేతవోలును పట్నం చేసి తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారే, అమరావతికి తరలాక కొత్త కట్టడాలకు రాళ్ళు కావాలంటే, అక్కడి దిబ్బను తవ్వించారు. ఆ దిబ్బే మహాస్తూపం. మెకంజీ దొర వచ్చి చూసే దాకా దాన్ని లోకం పట్టించుకోలేదు. అంటే ఇల్లు బాగుచేసుకోడం కోసం చరిత్రను పెకలించడం మా ఊరి స్థాపకుల నాటి ఆచారం. ఆ పాయింటు మా ఆవిడకు ఇంకా తట్టలేదు. ఈ పత్రిక ఇంటికి రాకుండా జాగ్రత్తపడుతున్నాను.

రంగు అయిపోయాక చేతిపనులు మొదలయ్యాయి. అమ్మాయి వీడియోల ప్రకారం ఇంట్లో పనికిరాని వస్తువుతో అలంకారం చేసుకోవాలి. పనికిరాని సీసా మన దగ్గరే ఉంటుంది. దాని చుట్టూ అంటించే జనపనార తాడు, గ్లూ గన్ను, బంగారు రంగు డబ్బా, కుంచెలు మాత్రం కొనాలి. సీసాలు నందిగామ తోడల్లుడు పంపాడు. అవి వేటి సీసాలని ఇటు ఎవరూ అడగలేదు, అటు ఎవరూ చెప్పలేదు.

ఒక్క విషయంలో మాత్రం ప్రతివాదికి అనుకూలంగా సాక్ష్యం చెప్పక తప్పదు. మా అమ్మ నాటి కొండపల్లి బొమ్మ ఒకటుంది. తాటిచెట్టెక్కే గీత మనిషి. చెయ్యి విరిగి ఏళ్ళుగా అటకమీద ఉన్నాడు. కొండపల్లిలో వాళ్ళు తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మకు కాళ్ళూ చేతులూ అతికేది మక్కుతోనే. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. మా ఆవిడ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, వడ్రంగి దగ్గర్నుంచి పొట్టు తెచ్చి, ఆ చెయ్యి అతికింది. ఆరాక సున్నపు పూత, దాని మీద రంగు. అతుకు వేలితో తడిమినా తెలియలేదు. బావుందని అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ ధైర్యంతోనే గోనెపట్టా మీద చెయ్యి వేసింది.

అమ్మాయి చూపించిన వీడియోలో జనపనార బట్ట మీద అద్దాలు కుట్టి గోడకు వేలాడదీశారు. బజార్లో ఆ బట్ట మీటరు ధర విని మా ఆవిడ, "గోనెకేగా ఈ పేరు?" అని, తోడల్లుడి కల్లం నుంచి పాత మిర్చి టిక్కీ గోనె తెప్పించింది. రెండుసార్లు ఉతికింది. అద్దాలు, పాత గాజులు, ఊలు కుచ్చులు కుట్టి, కర్టెన్ కడ్డీకి తగిలించి నెమలికంఠం గోడ మీద వేలాడదీసింది. చూడ్డానికి నిజంగానే దివ్యంగా ఉంది. ఎదురింటామె ఫొటో తీసుకుంది.

ఆ ఆదివారమే మా అబ్బాయికి సంబంధం చెప్పడానికి దూరపు బంధువు ఒకాయన వచ్చాడు. ఎండన పడి వచ్చాడని ఫ్యాను నాలుగు మీద పెట్టాను. గోనె ఊగింది. గుంటూరు యార్డుకు తోలిన కాయల ఘాటు రెండు ఉతుకులకు పోతుందా? ఆయన "పిల్ల తండ్రి..." అని నోరు తెరిచి తుమ్మాడు. మా ఆవిడ మొహం మాడింది. మాట మొదట్లో ఒంటి తుమ్ము అపశకునం. వెంటనే రెండోది వచ్చింది. జంట తుమ్ము శుభమని తేరుకుంది. తరవాత నాలుగు వచ్చాయి. మొత్తం ఆరు తుమ్ములకు ఫలం ఏమిటో ఏ శాస్త్రంలోనూ లేదు. ఆయన కాఫీ కూడా సగంలో వదిలి, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. గోనెపట్టా దొడ్లోకి బదిలీ అయింది.

ఇక అసలు ప్రార్థన. ఆ గోడకు ఒక మేకు ఉండేది, దానికి వెంకట్రామా క్యాలెండరు. వర్జ్యం, రాహుకాలం, పాలు మానేసిన రోజుల సున్నాలు అన్నీ అందులోనే. ఇప్పుడు మేకు నిషేధం. క్యాలెండరు వంటింటి తలుపు వెనకకు పోయింది. ఏకాదశి ఎప్పుడో చూసుకోవాలంటే తలుపు మూయాలి. మూస్తే పోపు పొగ. నాకు ఒకే ఒక్క మేకు మంజూరు చేయాలని మనవి చేశాను. "మేకు వద్దు, అంటించే హుక్కు తెచ్చాను. కిలో బరువు ఆపుతుందట" అని ప్రతివాది స్వహస్తంతో అంటించింది.

మొన్న రాత్రి దబ్బుమని చప్పుడైంది. హుక్కుకు ఏమీ కాలేదు, చెప్పినట్టే గోడను గట్టిగా పట్టుకునే ఉంది. గోడే పళ్ళెమంత పుట్టీతో సహా ఊడి కింద పడింది. వెనక చెమ్మ, ఉప్పు పొడి. పెయింటరును పిలిచాం. ఆయన చెయ్యిపెట్టి తడిమి, "ఇక్కడికి మాత్రం వేస్తే అతుకు కనిపిస్తుంది సార్. గోడంతా గీకి మళ్ళీ కొట్టాల్సిందే" అని అంకె చెప్పాడు. "లేదంటే ఆ మేర కప్పేలా ఏదన్నా తగిలించుకోండి."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను దొడ్లోకి వెళ్ళి గోనెపట్టా దులిపి తెచ్చాను. ఇప్పుడు ఫ్యాను రెండు దాటనివ్వడం లేదు, సంబంధాలవాళ్ళను మాత్రం అరుగు మీదే కూర్చోబెడుతున్నాం.