పుత్రార్జితము

ఆస్తి యనునది తండ్రి నుండి కుమారునికి దిగివచ్చుటయే లోకమర్యాద. ధర్మశాస్త్రకర్తలును, వారి వెనుక ఆంగ్లేయుల న్యాయస్థానములును, వాని వెనుక నరసరావుపేట ప్లీడర్లును ఈ మార్గమునే నమ్ముకొని యథాశక్తి బాగుపడిరి. కాని కృష్ణకును గుండ్లకమ్మకును నడుమ, నల్లరేగడిలో పత్తియు మిరపయు పండు మా సీమలో, కొన్నేండ్లుగా ఒక్క వస్తువు మాత్రము ఈ మర్యాదను తలక్రిందులు చేసి, కుమారుని నుండి తండ్రికి ఎగబ్రాకుచున్నది. అది ల్యాప్‌టాప్. డల్లస్‌లోనో సియాటిల్‌లోనో మాదాపూర్‌లోనో ఉద్యోగము చేయు చిరంజీవి క్రొత్తది కొనుక్కొనిన నాడు, పాతది బాదంపప్పు పొట్లములకును చాక్లెట్ల సంచికిని నడుమ తువ్వాలులో చుట్టబడి, సూట్‌కేసెక్కి, చిలకలూరిపేటకో పర్చూరుకో మార్టూరుకో చేరును. అదే సూట్‌కేసు తిరుగు ప్రయాణమున గొడ్డుకారమును, గోంగూర పచ్చడిని, కందిపొడిని మోసికొనిపోవును. ఈ వినిమయములో ఎవరు నష్టపోయిరో చెప్పుటకు నేను సాహసింపను.

ఈ పుత్రార్జితమును అనుభవించు పెద్దాయన మా వైపున వీధికొక్కరైనను కనబడును. సాధారణముగా ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడిపి, టిక్కీ బస్తాల లెక్కలు నోటితోనే కట్టి, తేజా మిరపకును 334 మిరపకును గల భేదమును కన్నులు మూసికొని ఘాటును బట్టియే చెప్పగలిగి, వయసు మీరిన పిమ్మట కొట్టును తమ్మునికి అప్పగించి, బ్రాడీపేటలో మేడ కట్టుకొనినవాడై యుండును. ఆ మేడలో, పడకగది కిటికీ ప్రక్కన, అల్లికగుడ్డ క్రింద ల్యాప్‌టాప్ వేంచేసి యుండును. బ్యాటరీ ఏనాడో కాలధర్మము నొందుటచే అది గోడప్లగ్గును విడిచి కదలలేదు. అది వచ్చిన అట్టపెట్టె అటకమీద భద్రము. కీబోర్డుపై పరచిన పలుచని ప్లాస్టిక్ పొరను తీసివేయుటకు నేటికిని ఎవ్వరికిని అనుమతి లేదు. ఉదయముననే మీట నొక్కి, పండ్లు తోముకొని, పాలప్యాకెట్టు తెచ్చి, కాఫీ సేవించి, పత్రికలో యార్డు ధరలు చదివి ఆయన తిరిగి వచ్చు వేళకు అది మెల్లగా కన్నులు తెరచుచుండును. మనుమలు నవ్విన, “దానికీ వయసొచ్చింది, తొందరపెట్టమాకండి” అని వెనుకవేసికొని వచ్చును. అందు ఆయన చేయు పనులు అనేకములు కావు: మిర్చి ధరల పట్టిక నింపుట, ఆదివారము నాడు మనుమని మొగము చూచుట, పంచాంగము తిరగవేయుట. పంచాంగమును గురించి కొంత విస్తరింపవలసియున్నది.

ఏలయన, మైక్రోసాఫ్ట్ వారు తమ సాఫ్ట్‌వేరులకు నీళ్ళు వదలు తేదీలను లోకమంతయు తేదీలుగానే చూచినది గాని, తిథివారములతో సరిచూచిన మహానుభావుడు మా పెద్దాయన యొక్కడే. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు నిలిచినది 2014 ఏప్రిల్ 8; అది శ్రీరామనవమి. లోకమంతయు పానకము పంచుకొనుచుండగా ఈ అమంగళమేమని ఆయన నేటికిని అడుగును. విండోస్ 7 ముగిసినది 2020 జనవరి 14. ఆ నాడు భోగి. పాతసామాను మంటలో వేయు దినమును ఎవరో తెలిసినవారే ఎన్నిపెట్టిరని దానిని మాత్రము ఆయన మన్నించును. ఇక విండోస్ 10, అనగా తన ల్యాప్‌టాప్ ప్రాణవాయువు, 2025 అక్టోబరు 14న ముగిసెను. విశ్వావసు నామ సంవత్సర ఆశ్వయుజ బహుళాష్టమి. అన్నిటికంటె ఘోరమేమన, ఈ మూడు దినములును మంగళవారములే. “పైన కూర్చున్నాయన మన తెలుగువాడే గదా, ఈ మాత్రం చూసుకోడా?” అని ఆయన బాధ. సత్య నాదెళ్ళగారు మైక్రోసాఫ్ట్ పీఠమెక్కినది 2014 ఫిబ్రవరి 4న; ఎక్స్‌పీ కథ రెండు నెలలకే ముగిసినది. నాదెళ్ళగారి తండ్రి యుగంధర్‌గారు పల్లెల మంచిచెడ్డలు తెలిసిన ఐఏయస్ అధికారి యగుటచే, ఆ కుటుంబమునకు ఒక కార్డు ముక్క వ్రాసిన పని జరుగునని పెద్దాయన చిరకాల విశ్వాసము. కార్డు మాత్రము ఇంతవరకు వ్రాయలేదు.

మద్దతు నిలిచినదని కుమారుడు ఫోనులో చెప్పినప్పుడు ఆయన తొణకలేదు. “మిర్చికి మద్దతు ధర ఎప్పుడుందిరా? అయినా పండటం మానిందా?” అనెను. ఈ తర్కమునకు అమెరికాలో చదివిన కుమారుని యొద్ద సమాధానము లేకపోయెను. పత్తికి మద్దతు ధర కలదు, మిర్చికి లేదు; 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టిన పిమ్మట కేంద్రమువారు మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించిరి గాని, అది ఆపద్ధర్మమేగాని హక్కు కాదు. అట్టి పంటతో జీవితమంతయు గడపినవానిని సాఫ్ట్‌వేరు కంపెనీ బెదరింపగలదా?

అయినను ఒకనాడు తెరపై “ఈ కంప్యూటరుకు విండోస్ 11 నడుపుటకు కావలసిన కనీస అర్హతలు లేవు” అను భావము గల సందేశము వెలువడుటతో ఆయన అభిమానము దెబ్బతినెను. పిల్ల నచ్చలేదని పెండ్లివారు కబురంపినను అంత కోపము రాకపోవును. వెంటనే దానిని తువ్వాలులో చుట్టి, అరండల్‌పేటలో రిపేరు చేయు కుర్రవాని కడకు ఆటోలో తీసికొనిపోయెను. ఆ నాడు నేనును అచటనే యుంటిని.

“ఇది పదకొండు ఎక్కదు బాబాయిగారూ.”

“ఏం, దీనికేమొచ్చింది?”

“దీని ప్రాసెసరు ఐదో జనరేషను. ఎనిమిదో జనరేషను నుంచే ఒప్పుకుంటున్నారు. పైగా టీపీఎం రెండు లేదు.”

టీపీఎం అనగా రహస్యపు తాళపుచెవులను దాచు చిన్న చిప్పు. దాని సంగతి పెద్దాయన పట్టించుకొనలేదు గాని తరముల లెక్క మాత్రము ఆయనను ఆకర్షించెను. తండ్రి వైపున సపిండత యేడవ తరముతో తీరునని శాస్త్రము. కావున ఎనిమిదవ తరము నుండియే సంబంధము కలుపుకొందుమనుట శాస్త్రసమ్మతమే యని అంగీకరించి, ఐదవ తరమున బుట్టుట తన యంత్రము చేసిన నేరమెట్లగునని ప్రశ్నించెను. ఈ విషయమున నేను పెద్దాయన పక్షము. ఇంటెల్ వారి ఎనిమిదవ తరము 2017లో గాని రాలేదు. విండోస్ 11 వచ్చినది 2021లో. అనగా నాలుగైదేండ్ల ప్రాయముననే, ఒళ్ళు చెడని యంత్రమునకు వార్ధక్యపు ముద్ర వేసిరి. దేహము చెడి పోవుట వేరు, నియమము మారి పోవుట వేరు.

కంపెనీవారి పక్షమునను ఒక మాట చెప్పక తప్పదు. మద్దతు నిలిచినంతమాత్రమున యంత్రము ఆగదు. దొంగలు కనిపెట్టిన కన్నములను పూడ్చువాడు మాత్రము ఉండడు. 2017 మే నెలలో వన్నాక్రై యను మాయదారి ప్రోగ్రాము లోకమంతట కంప్యూటర్లకు తాళములు వేసి డబ్బడిగినప్పుడు, మన గుంటూరుతో సహా కొన్ని జిల్లాలలో సాక్షాత్తు పోలీసువారి యంత్రములే దానికి చిక్కెను. చిత్రమేమన, ఆ కన్నమును పూడ్చు మరమ్మతు మార్చి 14ననే, అనగా రెండు నెలల ముందే, విడుదలయి యుండెను. తరువాత చూతమనుకొనినవారే లోకమున అధికులు.

కుర్రవాడు ఇంతలో పెద్దాయన యంత్రములో పాత మరమ్మతుల జాబితా తెరచి, చాలసేపు చూచి, తల గోకుకొనెను. ఫోను డేటా ఖర్చగునని మనుమడెన్నడో పెట్టిన మీటరు కట్టడి యొక వంక, అడిగినప్పుడెల్లను “తరువాత” యను మీటనే నొక్కు పెద్దాయన వ్రేలు మరియొక వంక అడ్డుపడుటచే, ఏండ్ల తరబడి ఒక్క మరమ్మతును లోనికి ప్రవేశింపలేదు.

“ఇదేంటి బాబాయిగారూ, ఒక్కటీ ఎక్కించుకోలేదు?”

“నెలకోసారి పంపిస్తారు, అదీ మంగళవారం, అదీ రాత్రి పదిన్నర దాటాక. ఆ వేళప్పుడు ఇంట్లోకి కొత్తది రానిస్తామా?”

“మరి ఇచ్చినన్నాళ్ళూ మీరు తీసుకోనే లేదు గదా. ఇప్పుడు ఆపేస్తే మీకేం పోయింది?”

పెద్దాయన తువ్వాలు దులిపి భుజముపై వేసికొనెను. యార్డులో తూకము దగ్గర తగవు వచ్చినప్పుడు వెలువడు కంఠము వెలువడెను.

“నేను తీసుకోకపోవడం వేరు. వాళ్ళు ఇవ్వకపోవడం వేరు.”

కుర్రవాడు ఇట్టి బేరగాండ్రను చాలమందిని చూచినవాడగుటచే ఎదురు చెప్పక, ముందు పాత మరమ్మతులన్నియు ఎక్కించి, మరియొక ఏడాది పొడిగింపు పొందు మార్గము వివరించెను: 30 డాలర్లు చెల్లింపవచ్చును, లేదా కంపెనీవారి బహుమాన పాయింట్లు వెయ్యి చూపవచ్చును, లేదా ఖాతా తెరచి సెట్టింగులను వారియొద్ద దాచుకొనిన ఊరకనే యిత్తురు. ఊరక యను మాట చెవిని బడగానే పెద్దాయన ముఖము వికసించెను. పాస్‌వర్డు పంచాంగము వెనుక అట్టమీద వ్రాసియున్నదని యింటికి ఫోను చేసి, భార్య చేత అక్షరమక్షరము చదివించి, కొట్టులో నున్న పదిమందికి వినబడునట్లు పైకి ఉచ్చరించి, కార్యము పూర్తి చేయించెను.

“అయిపోయింది బాబాయిగారూ. 2026 అక్టోబరు 13 దాకా బెంగ లేదు.”

“దసరా నవరాత్రుల్లో గదా. ఏం వారం?”

కుర్రవాడు ఫోను తీసి చూచి, ఒక్క క్షణము సందేహించి, “మంగళవారమే” అనెను.

“ఒక్క రోజు జరిపి బుధవారం పెట్టుకోమని అందులోంచే రాయడానికి కుదరదంటావా?”