సున్నా బిల్లుకు మూడొందలు

హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల మంచినీళ్లు ఉచితం. పనిచేసే మీటరుండి, ఆధార్ లింకైతే ఆ మేరకు బిల్లు సున్నా. ఆ సున్నాయే ఓనరు గారి గుమ్మం దాటి కిరాయి వాటాలోకొచ్చేసరికి మూడొందలవుతుంది. పైపులో ఎక్కడో లీకేజీ ఉండాలి! బిల్లు చూపించమంటే ‘అది మెయింటెనెన్సు బాబూ’ అంటారు. ఊర్నుంచి అత్తగారొస్తే తలకు వంద అదనం. ఆవిడ వెళ్లినా వంద వెళ్లదు. మోటారు మాత్రం పొద్దున పావుగంటే. ఇక డ్రైనేజీ పొంగిందా, నిన్నటిదాకా ఓనరుదైన మ్యాన్‌హోల్ ఆ క్షణం నుంచి కిరాయిదార్లది. వేసవిలో ట్యాంకరొస్తే ఖర్చు అందరికీ సమానమే, ఓనరు గారి కారు, కుక్క, మామిడిచెట్టు స్నానాలతో సహా.